కాడ్రెల్ వారి చావుపలక

2003 ఫిబ్రవరి 11, మంగళవారం ఉదయం స్కెల్డర్‌బీ హాల్ అనే బంగళాలో సర్ ఆంబ్రోస్ కాడ్రెల్ చనిపోయాడు. వయసు ఎనభై ఎనిమిది. నిమోనియా. భార్య మావిస్, కొడుకు క్రిస్పిన్ మంచం పక్కనే ఉన్నారు.

ఆంబ్రోస్ తొమ్మిదో బారొనెట్. పేరుకు ముందు 'సర్' అని పెట్టుకునే హక్కు తండ్రి నుంచి కొడుక్కి వచ్చే ఇల్లు అది. 1664లో రాజు ఇచ్చాడు. ఎందుకిచ్చాడన్నదానికి లింకన్‌షైర్‌లో రెండు కథలున్నాయి. రెంటికీ ఆధారం లేదు.

కాడ్రెల్ ఇంట్లో బారొనెట్ పోతే చావుపలక పెడతారు. మూల మీద నిలబెట్టిన చదరపు చెక్క. మధ్యలో డాలు, డాలు మీద వంశం గుర్తులు, డాలు నెత్తిన కొంగ. కొంగ ముక్కులో పాము లాంటి చేప. ఏడాది పాటు పలక ఇంటి సింహద్వారం మీద ఉంటుంది. తరవాత చర్చిలోకి మారుతుంది. చర్చి ఉత్తరం గోడ మీద అప్పటికి ఎనిమిది పలకలున్నాయి. ఎనిమిదింటి మీదా కొంగే. బడిపిల్లల స్వెట్టర్ మీద కూడా ఆ కొంగే. ఊళ్ళో ఉన్న ఒక్క పబ్ పేరూ కొంగే.

వంశంలో చివరివాడు పోతే నెత్తిన గుర్తు వెయ్యరు, పుర్రె వేస్తారు. పక్క ఊరు ఫెన్‌థార్ప్ చర్చిలో అలాంటిది ఒకటుంది. మా వైపు ఏది మూతబడినా 'పుర్రె పడింది' అంటారు. పోస్టాఫీసు ఎత్తేసినప్పుడు అన్నారు. మనుషులు చాలక క్రికెట్ జట్టు ఆగిపోయినప్పుడూ అన్నారు. కాబట్టి పలక మీద ఏముందో చదవడం ఊళ్ళో ఎవరికీ నేర్పక్కర్లేదు.

20వ తేదీ గురువారం అంత్యక్రియలు జరిగాయి. ప్రార్థనలో ఫాదర్ "లేడీ కాడ్రెల్ కోసం, సర్ క్రిస్పిన్ కోసం" అన్నాడు. క్రిస్పిన్ తల వంచుకుని ఉన్నాడు. సవరించలేదు. చర్చిలో ఎవరూ ఎవరినీ సవరించరు.

అక్కణ్ణించి అందరూ కొంగ పబ్‌కి నడిచారు. హామ్ శాండ్‌విచ్‌లు, ప్లమ్ బ్రెడ్, బీరు. కౌలుదారుల్లో పెద్దవాడు, చర్చి వ్యవహారాలు చూసే వార్డెన్ వాల్టర్ ఆడ్లింగ్ లేచి నిలబడ్డాడు. డెబ్భై దాటినవాడు. బీట్‌రూట్ చక్కెర ఫ్యాక్టరీకి పంట తోలే రైతు. చేతిలో రెండు పిడుల వెండి కప్పు. ఆడ్లింగ్ ఇంటిది. కాడ్రెల్ ఇంట్లో కొత్త బారొనెట్ వచ్చినప్పుడే బయటికి తీస్తారు.

"నోళ్ళు మూయండి," అన్నాడు వాల్టర్. "మూసుకుని గ్లాసులు నింపుకోండి."

"నోరు మూసుకుంటే ఎలా తాగేది వాల్టర్?" అని వెనకనుంచి ఎవరో అన్నారు.

"నువ్వు ఎలాగూ తాగుతావులే." వాల్టర్ క్రిస్పిన్ వైపు తిరిగాడు. "మా నాన్న మీ నాన్నగారిని అడిగాడు. మా తాత మీ తాతగారిని అడిగాడు. ఇప్పుడు నా వంతు. కొంగ ఎగిరిపోయిందా?"

జవాబు ఊరందరికీ తెలుసు. 'గూట్లోనే ఉంది' అనాలి. అని కప్పులో తాగాలి.

క్రిస్పిన్‌కి నలభై నాలుగేళ్ళు. చిన్నప్పటినుంచీ ఆ పబ్‌లో తిరిగినవాడు. కప్పు వైపు చూశాడు. తల్లి వైపు చూశాడు. మావిస్ కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని శాండ్‌విచ్ అంచులు తీసేస్తోంది.

"గూట్లోనే ఉంది," అన్నాడు క్రిస్పిన్. తాగాడు. జనం చప్పట్లు కొట్టారు.

ఆ మాట నిజం కాదు. అది తెలిసినవాళ్ళు ఆ గదిలో ఇద్దరే.

జరిగింది ఇది. ఆంబ్రోస్ 1939లో రోజమండ్ అనే ఆమెను పెళ్ళి చేసుకున్నాడు. యుద్ధం అయ్యాక ఆంబ్రోస్ తిరుగుళ్ళు భరించలేక ఆమె ఇల్లు వదిలి ఫ్రాన్స్ దక్షిణ తీరానికి వెళ్ళిపోయింది. విడాకులు ఇవ్వనంది. తప్పు భర్తది అయితే, భార్య అడగనిదే విడాకులు రాని రోజులవి. 1955లో ఆంబ్రోస్ మావిస్‌ని హాల్‌కి తీసుకొచ్చాడు. ఆమె గ్రిమ్స్‌బీలో చేపలమ్మే ఆయన కూతురు. రోజమండ్‌తో విడాకులయ్యాయని, మావిస్‌తో లండన్‌లో పెళ్ళయిందని ఊళ్ళో చెప్పాడు. రెండూ జరగలేదు. 1958లో క్రిస్పిన్ పుట్టాడు. 1962 వేసవిలో రోజమండ్ పోయింది. ఆ అక్టోబరులో ఆంబ్రోస్, మావిస్ యార్క్‌లో పెళ్ళి చేసుకున్నారు.

తరవాత పెళ్ళి జరిగితే ముందు పుట్టిన బిడ్డ కూడా ఇంగ్లండ్ చట్టం దృష్టిలో సక్రమ సంతానమే. ఇల్లు వస్తుంది, పొలం వస్తుంది. బిరుదు మాత్రం రాదు. యార్క్ నుంచి తిరిగొచ్చిన వారంలోనే లాయరు ఆ సంగతి ఆంబ్రోస్‌కి చెప్పాడు. పెళ్ళయ్యాక ఇంకో మగబిడ్డ పుడితే బిరుదు వాడిదయ్యేది. పుట్టలేదు. ఆంబ్రోస్‌కి తమ్ముళ్ళు లేరు, మగ దాయాదులు లేరు. క్రిస్పిన్‌కి ఇరవై ఒకటో పుట్టినరోజున తండ్రి ఈ సంగతి చెప్పాడు. చెప్పి, "అప్పటి సంగతి అప్పుడు చూసుకుందాం" అన్నాడు. ఆ తరవాత ఎప్పుడూ ఎత్తలేదు.

అందుచేత మావిస్ లేడీ కాడ్రెల్ అన్నది 1962 నుంచి నిజం. క్రిస్పిన్ సర్ అన్నది ఎప్పటికీ కాదు.

దాచడం కష్టం కాదు. లండన్‌లో బారొనెట్ల జాబితా ఉంది. అందులో పేరు ఎక్కాలంటే తల్లిదండ్రుల పెళ్ళికి రుజువు చూపాలి. ఎక్కించుకోకుండానే సర్ అనిపించుకుంటూ బతికినవాళ్ళున్నారు. ఊళ్ళో ఎవరూ రుజువు అడగరు. గోడ మీద కొంగ ఉంటే చాలు.

మార్చి మొదటి వారంలో పలక వేసే హెస్టర్ బ్రాకెన్‌బరీ హాల్‌కి వచ్చింది. లౌత్ పట్నంలో ఆమెకు వర్క్‌షాపు ఉంది. చావుపలకలు, పబ్ బోర్డులు, నగరసభల చిహ్నాలు వేస్తుంది. వంటింట్లో బల్ల దగ్గర కూర్చున్నారు. మావిస్ టీ పోసింది.

"డాలు పాత పలకల నుంచి దించుకుంటాను," అంది హెస్టర్. "డాలు వెనక రంగు సంగతి. పోయినవాళ్ళ వైపు నలుపు, బతికున్నవాళ్ళ వైపు తెలుపు. చూసేవాళ్ళకి ఎడమ సగం దొరగారిది, నలుపు. కుడి సగం దొరసానిగారిది."

"అంటే నేను తెల్ల రంగునన్నమాట," అంది మావిస్.

"మీ పుట్టింటివాళ్ళకి చిహ్నం ఉంటే డాలులో అది కూడా వేస్తాను."

"మా నాన్న బండి మీద చేప బొమ్మ ఉండేది. దాని కింద 'ఈ రోజు పట్టినవే' అని రాసుండేది. అది కూడా అబద్ధమే."

హెస్టర్ నవ్వింది. "అయితే తెల్ల రంగుతోనే సరిపెడదాం. ఇంకొక్కటి. అడగాలి గనక అడుగుతున్నాను. నెత్తిన కొంగేగా?"

"కొంగే," అన్నాడు క్రిస్పిన్.

హెస్టర్ మావిస్ వైపు చూసింది. మావిస్ టీ చల్లారకుండా కెటిల్ మీద ఊలు తొడుగు సర్దుతోంది.

"పై భాగం చివర వేస్తాను," అంది హెస్టర్. "బంగారు రేకు పని అది. ఎండడానికి సమయం పడుతుంది. మొదలుపెట్టే ముందు ఒకసారి ఫోన్ చేస్తాను."

మార్చి 29 శనివారం ఆమె ఫోన్ చేసింది. మర్నాడు మదరింగ్ సండే. ఆ రోజు చర్చిలో పిల్లలు తల్లులందరికీ చిన్న పూలగుత్తులు ఇస్తారు. ఆ గుత్తులు కట్టేది మావిస్. నలభై ఏళ్ళుగా ఆమే. శనివారం మధ్యాహ్నం ఆమె చర్చిలో ఉత్తరం గోడ కింద బెంచీ మీద కూర్చుని డాఫొడిల్ పూలు కడుతోంది. క్రిస్పిన్ బకెట్లు మోసుకొచ్చాడు.

"అమ్మా, హెస్టర్ ఫోన్ చేసింది. పై భాగం ఒక్కటే మిగిలిందట."

"చెప్పావుగా కొంగని."

"చెప్పాను."

"మరి నాకెందుకు చెప్తున్నావు?"

"ఆ రోజు నువ్వు నోరు విప్పలేదు."

"నన్నెవరడిగారు? ఆ దారం ఇటివ్వు."

దారం ఇచ్చాడు. పక్కన కూర్చున్నాడు.

"పుర్రె పెడితే ఊరంతా చదువుతుంది," అన్నాడు. "కొడుకు బతికే ఉన్నాడు, మరి పుర్రె ఎందుకు పడింది అని ఆరా తీస్తారు. సాయంత్రానికి తేల్చేస్తారు. అప్పుడు నాన్నని ఎవరూ ఏమీ అనరు. నిన్నే అంటారు."

"నన్నే అంటారు. ఎప్పుడైనా ఆడదాన్నే అంటారు."

"నీకేం ఫర్వాలేదా?"

"బాధ ఎందుకుండదు? ఏడేళ్ళు నా ఉంగరం నేనే కొనుక్కుని పెట్టుకున్నాను. గ్రిమ్స్‌బీ బజార్లో కొన్నాను. ఇక్కడి ఆడవాళ్ళు చెయ్యి పట్టుకుని తిప్పి చూసేవాళ్ళు. అంత పెద్ద దొర ఇంత సన్న ఉంగరం పెట్టాడేమిటమ్మా అని. నాకు ఫర్వాలేదని ఎవరన్నారు?"

"అందుకే కొంగ అన్నాను."

"నా కోసం."

"నీ కోసమే."

మావిస్ కత్తెరతో కాడలు కత్తిరించింది. "కాడ్రెల్ మగవాళ్ళు ఏం చేసినా ఆడవాళ్ళ కోసమే చేస్తారు. మీ నాన్న కూడా అదే మాట అనేవాడు. నీ కోసమేమీ లేదా?"

క్రిస్పిన్ కింద పడ్డ కాడలు ఏరి బకెట్‌లో వేశాడు. "ఉంది. బ్యాంకులో సర్ క్రిస్పిన్ అని పిలిచారు. బాగుంది. పది రోజుల్లో అలవాటైపోయింది."

"ఆ మాట చెప్పు. అది నమ్ముతాను."

"నవ్వుకో."

"నవ్వడం లేదురా. నాకు మాత్రం లేడీగారూ అంటే బాగుండలేదా? నేను చేపల బండి వెనకాల పెరిగినదాన్ని." గుత్తి కట్టి బుట్టలో పడేసింది. "నెడ్‌కి చెప్పావా?"

నెడ్ క్రిస్పిన్ కొడుకు. పదహారేళ్ళు. హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాడు.

"లేదు."

"నువ్వు పోయాక వాల్టర్ కొడుకు ఆ కప్పు పట్టుకుని నెడ్‌ని అడుగుతాడు. వాడికి తెలియకపోతే నిజమనుకుని గూట్లో ఉందంటాడు. తెలిస్తే నీలాగా అంటాడు. ఏది మేలు?"

క్రిస్పిన్ గోడ వైపు చూశాడు. ఎనిమిది పలకలు.

"ఇంకో సంగతి," అంది మావిస్. "ఈ నిజం ఏదో ఒకరోజు బయటికొస్తుంది. నేను పోయాక వస్తే నా వెనక అంటారు. ఇప్పుడు వస్తే నా మొహం మీద అనాలి. నా మొహం మీద అనే దమ్ము ఇక్కడ ఎవరికుందో చూస్తాను."

"అంటే పుర్రె పెట్టమంటావా?"

"నేనేమీ అనను. ఆ పలక వేయించేది నువ్వు. పబ్‌లో తాగింది నువ్వు. ఆ బకెట్ అటు పెట్టు, నా కాలికి తగులుతోంది."

ఆదివారం ప్రార్థన అయ్యాక జనం కొంగ పబ్‌లో చేరారు. ఆడవాళ్ళ కోట్ల మీద డాఫొడిల్స్ ఉన్నాయి. క్రిస్పిన్ తల్లితో వచ్చాడు. ఆమెకు కిటికీ దగ్గర కుర్చీ వేసి, వాల్టర్ కూర్చున్న బల్ల దగ్గరికి వెళ్ళాడు.

"వాల్టర్, నన్ను మళ్ళీ అడగాలి."

"ఏమడగాలి సర్ క్రిస్పిన్?"

"కొంగ సంగతి."

"ఒకసారి అడిగాం కదా. రోజూ అడిగితే బీరు ఖర్చుకి తట్టుకోలేం." పక్కన ఇద్దరు నవ్వారు.

"అడుగు వాల్టర్."

వాల్టర్ అతని మొహం చూశాడు. లేచి నిలబడ్డాడు. చేతిలో కప్పు లేదు. "కొంగ ఎగిరిపోయిందా?"

"ఎగిరిపోయింది," అన్నాడు క్రిస్పిన్. "నాన్నతోనే పోయింది. ఆ రోజు నీకు నేను చెప్పింది అబద్ధం. నేను పుట్టేనాటికి అమ్మకీ నాన్నకీ పెళ్ళి కాలేదు. ఆ తరవాత చేసుకున్నారు. ఇల్లు నాదే, పొలం నాదే. బిరుదు నాది కాదు. నా కొడుకుదీ కాదు."

గోడ మీది బోర్డుకి బాణాలు విసిరే ఆట ఆడుతున్నవాళ్ళలో ఒకడు అన్నాడు: "ఆ లెక్కన ఊళ్ళో సగంమందికి సర్ బిరుదు రాదులే." ఎవరూ నవ్వలేదు. కాసేపయ్యాక మావిస్ ఒక్కతే నవ్వింది.

వాల్టర్ కూర్చోలేదు.

"అది మా తాత కప్పు," అన్నాడు.

"తెలుసు."

"నేను ఊరి ముందు అడిగాను. మీరు కళ్ళలోకి చూసి చెప్పారు. పెళ్ళి సంగతి మీ ఇంటి గొడవ, నాకక్కర్లేదు. కప్పు నాది."

"క్షమించు వాల్టర్."

వాల్టర్ టోపీ తీసుకున్నాడు. కిటికీ దగ్గర ఆగాడు. మావిస్ తల ఎత్తి చూసింది.

"నన్ను కూడా ఏమన్నా అనాలా?" అంది.

"లేదు దొరసానిగారూ. మిమ్మల్ని ఎవరూ ఏమీ అడగలేదుగా." తలుపు తీసుకుని వెళ్ళిపోయాడు.

సోమవారం ఉదయం క్రిస్పిన్ లౌత్‌కి ఫోన్ చేశాడు. హెస్టర్ అప్పటికి బంగారు రేకు బయటికి తీసి పెట్టుకుంది. మళ్ళీ పెట్టెలో పెట్టేసింది.

ఏప్రిల్‌లో పూల పోటీ కమిటీ సమావేశమైంది. అధ్యక్షురాలు ఎప్పుడూ లేడీ కాడ్రెల్. ఆమెను మార్చాలని ఒకామె ప్రతిపాదించింది. బలపరిచేవాళ్ళు లేక అది వీగిపోయింది. సమావేశంలో మావిస్ కూడా ఉంది. ప్రతిపాదన పెట్టినామె ఆ తరవాత మూడు నెలలు చర్చికి రాలేదు. ఫాదర్ ప్రార్థనలో 'మిస్టర్ క్రిస్పిన్' అనడం మొదలుపెట్టాడు. మొదటి ఆదివారం నాలుక తిరగక ఒకసారి ఆగాడు.

మే 17 శనివారం హెస్టర్ పలక తెచ్చింది. సింహద్వారం మీద బిగించడానికి పొడుగు నిచ్చెన కావలసి వచ్చింది. హాల్‌లో ఉన్నది చాలలేదు. వాల్టర్ ఇంటికి కబురు పంపారు. నిచ్చెన వచ్చింది, వాల్టర్ రాలేదు. క్రిస్పిన్, హెస్టర్ కలిసి పలక ఎక్కించారు. నెడ్ హాస్టల్ నుంచి వచ్చాడు. కింద నిలబడి నిచ్చెన పట్టుకున్నాడు. మావిస్ వాకిట్లో కుర్చీలో కూర్చుని, ఎడమవైపు కొంచెం దించమంది. దించారు.

ఏడాది తరవాత పలకను చర్చిలోకి మార్చారు. ఉత్తరం గోడ మీద తొమ్మిదోది. డాలు నెత్తిన పుర్రె ఉంది. ఎడమ సగం నలుపు, కుడి సగం తెలుపు.

వాల్టర్ ఆడ్లింగ్ 2006లో పోయాడు. వెండి కప్పు అతని కొడుకు దగ్గరుంది.

లేడీ కాడ్రెల్ 2011 నవంబరులో పోయింది. వయసు ఎనభై అయిదు. ఆమె కూడా పోయింది కనక పలక కుడి సగం నల్లగా మార్చాలా అని క్రిస్పిన్ హెస్టర్‌ని అడిగాడు. అవసరం లేదంది. ఎక్కించిన పలకను మళ్ళీ ముట్టుకోరు, అది దొరగారు పోయిన రోజున ఉన్న సంగతి చెప్తుంది అంతే అంది.

కుడి సగం తెల్లగానే ఉంది.